విసరే చేయి, మోసే భారం: బేస్‌బాల్ చరిత్ర చెప్పే ఆరోగ్య పాఠం

మితమే హితమని పెద్దల మాట. శ్రమ విషయంలోను ఈ మాట వర్తిస్తుందని అందరూ ఒప్పుకుంటారు. కాని మితమంటే ఎంత? మానవ దేహం ఎంత శ్రమను ఓర్చుకోగలదు? వ్యాయామం ఎక్కడ ముగిసి హాని ఎక్కడ ఆరంభమవుతుంది? ఈ ప్రశ్నలకు నోటిమాటగా సమాధానం చెప్పటం తేలిక, లెక్కలతో చెప్పటం కష్టం. లెక్కలతో చెప్పాలంటే ఒకే పనిని అనేక తరాల మనుషులు చేసి ఉండాలి. ఆ పనిని నాటి నుండి నేటి వరకు ఎవరో ఒకరు విడువక రాసిపెట్టి ఉండాలి. అమెరికాలో అత్యంత ప్రజాదరణ పొందిన క్రీడలలో ఒకటైన బేస్‌బాల్‌లో అటువంటి లెక్క మనకు లభిస్తున్నది. అక్కడ బంతి విసిరే ఆటగాడిని పిచర్ అంటారు. దాదాపు నూట యాభై సంవత్సరాలుగా ఏ పిచర్ ఏ ఏడు ఎంత శ్రమించాడో పుస్తకాలలో నమోదై ఉన్నది. ఆ పిచర్ల చేతులు ఎంత భారం మోశాయి, ఏ భారానికి తెగిపోయాయి, వైద్యశాస్త్రం దాని నుండి ఏమి నేర్చుకున్నది అన్న విషయాన్ని పరిశీలించటం ఈ వ్యాసం ఉద్దేశం.

పిచర్ చేసే పని

క్రికెట్ తెలిసిన మన విద్యార్థులకు బేస్‌బాల్‌ను అర్థం చేసుకోవటం కష్టం కాదు. క్రికెట్‌లో బౌలర్ ఎటువంటివాడో ఇక్కడ పిచర్ అటువంటివాడు. అయితే రెండు ముఖ్యమైన తేడాలున్నవి. మొదటిది, బౌలర్ బంతి వేసే సమయంలో మోచేతిని వంచి సాచరాదు. పిచర్ మాత్రం రాయి విసరినట్లు మోచేతిని వంచి, బలమంతా ఉపయోగించి విసురుతాడు. ఒక చిన్న మట్టిదిబ్బ మీద నిలిచి, 60 అడుగుల 6 అంగుళాల దూరంలో ఉన్న బ్యాటర్ వైపు బంతిని నేల తాకకుండా పంపుతాడు. రెండవది, క్రికెట్‌లో ఆరు బంతులు కాగానే ఓవర్ ముగిసి మరొకరు బౌలింగ్ చేయక తప్పదు. బేస్‌బాల్‌లో అటువంటి విరామ నియమం లేదు. కెప్టెన్, శిక్షకుడు తలచుకుంటే ఒకే పిచర్ ఆట మొదటి నుండి చివరి వరకు విసరవచ్చు.

ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్. ముగ్గురు బ్యాటర్లు అవుటయితే జట్టుకు ఒక ఇన్నింగ్స్ ముగుస్తుంది. పిచర్ శ్రమను ఈ ఇన్నింగ్స్‌లలోనే లెక్కించటం పూర్వాచారం. తొమ్మిది ఇన్నింగ్స్‌లూ ఒక్కడే విసిరి ముగిస్తే దానిని సంపూర్ణ ఆట అంటారు. నేడు ఒక ఆటలో ఒక జట్టు తరఫున సుమారు 140, 150 బంతులు విసరవలసి వస్తుంది. జట్టు ఏడాదికి 162 ఆటలు, ఇంచుమించు ప్రతిదినమూ ఒకటి చొప్పున ఆడుతుంది. ఈ మొత్తం భారాన్ని ఎందరు పంచుకోవాలి, ఎట్లు పంచుకోవాలి అన్నదే ఈ క్రీడ చరిత్రలో తీరని సమస్య.

విసరే చేతిలో జరిగేదేమిటి?

బంతిని విసరే బలం చేతిలో పుట్టదు. కాళ్ళలో ఆరంభమై, నడుము, మొండెం మీదుగా భుజానికి చేరుతుంది. మొండెం ముందుకు తిరిగే వేళ ముంజేయి ఇంకా వెనుకనే ఉంటుంది. మరుక్షణంలో భుజం కొరడా వలె ముందుకు తిరుగుతుంది. ఆ వేగం సెకనుకు సుమారు 7,000 డిగ్రీలు. అదే వేగంతో సెకను పాటు తిరగగలిగితే చేయి దాదాపు పందొమ్మిది చుట్లు చుట్టి వస్తుందన్నమాట. మానవ దేహం చేసే కదలికలలో ఇంతకు మించిన వేగం గలవి అరుదు.

ఈ వెనుకకు, ముందుకు గుంజులాటలో మోచేతి లోపలి వైపు విడిపోవటానికి ప్రయత్నిస్తుంది. దానిని పట్టి ఉంచేది ఒక చిన్న సంధిబంధనం, అనగా ఎముకను ఎముకతో కలిపి కట్టే నారవంటి పట్టీ. 1990 దశకంలో అమెరికాలోని బర్మింగ్‌హామ్ నగరంలో ఉన్న క్రీడావైద్య పరిశోధన సంస్థలో పిచర్ల కదలికలను వేగవంతమైన కెమెరాలతో పరిశీలించారు. వేగంగా విసిరే ప్రతిసారీ మోచేతి మీద సుమారు 64 న్యూటన్-మీటర్ల మెలితిప్పే బలం పడుతున్నదని తేలినది. మృతదేహాల మీద చేసిన పరీక్షలలో ఆ సంధిబంధనం ఒంటరిగా అందులో దాదాపు సగం బలానికే తెగిపోయినది.

అటువంటప్పుడు ప్రతి పిచర్ మోచేయీ మొదటి బంతికే ఎందుకు తెగిపోదు? ముంజేతి కండరాలు బిగిసి భారంలో కొంత భాగాన్ని తాము మోస్తాయి కనుక. ఇక్కడే మన ప్రశ్నకు కీలకం ఉన్నది. కండరం అలసిపోతుంది, సంధిబంధనానికి అలసట తెలియదు. కండరం అలసి తన వాటాను వదిలివేసినపుడు, ఆ వాటా కూడా సంధిబంధనం మీదనే పడుతుంది. అందులో కంటికి కనపడని చిన్న చీలికలు ఏర్పడతాయి. తగినంత విశ్రాంతి దొరికితే అవి మానుతాయి. దొరకకపోతే ఒకదానితో ఒకటి కలిసి, ఒకనాడు ఒక సాధారణమైన బంతికి పట్టీ తెగిపోతుంది. నింద ఆ చివరి బంతికి వస్తుంది. నిజానికి అది అనేక దినాల అప్పు తీర్చవలసి వచ్చిన రోజు.

ప్రాచీన యుగం: ఒకే చేయి, జట్టు మొత్తం

1884లో ప్రావిడెన్స్ నగర జట్టు పిచర్ చార్లెస్ రాడ్‌బోర్న్ ఒక్క సంవత్సరంలో 678 ఇన్నింగ్స్‌లకు పైగా విసిరి, 73 సంపూర్ణ ఆటలు ముగించాడు. నేటి పిచర్ ఏడాదికి 200 ఇన్నింగ్స్‌లు విసిరితే గట్టివాడని కీర్తిస్తారు. రాడ్‌బోర్న్ నాటికి విసరే దూరం నేటికంటె పదడుగులకు పైగా తక్కువ. భుజం పైనుండి విసరటాన్ని నేషనల్ లీగ్ పూర్తిగా అనుమతించినది కూడా ఆ సంవత్సరమే. నేటి దూరం 1893లో స్థిరపడినది. అయినా పెద్ద లెక్కలు వెంటనే ఆగలేదు. 1890 నుండి 1911 వరకు ఆడిన సై యంగ్ తన జీవితంలో 7,356 ఇన్నింగ్స్‌లు విసిరి, 749 సంపూర్ణ ఆటలు, 511 విజయాలు సాధించాడు. ఈ లెక్కను చేరగలవాడు ఇక పుట్టడని క్రీడాభిమానుల నమ్మకం.

ఈ లెక్కలు చూసి పాతకాలపు మనుషులు ఉక్కుమనుషులని, నేటివారు సుకుమారులని తీర్పు చెప్పటం కద్దు. ఆ తీర్పు తొందరపాటు. 1920కి పూర్వం బంతి మెత్తగా ఉండేది. ఒకే బంతిని నలిగి, మాసిపోయేవరకు వాడేవారు. దానిని బౌండరీ గోడ దాటించటం అరుదు. కనుక పిచర్ ప్రతి బంతినీ పూర్తి బలంతో విసరవలసిన అవసరం లేదు. బ్యాటర్ కొట్టినా తోటివారు పట్టుకుంటారన్న ధీమాతో నిదానంగా విసిరి, ఆట సంకటంలో పడినప్పుడు మాత్రమే దాచుకున్న బలాన్ని బయటికి తీసేవాడు. క్రిస్టీ మాథ్యూసన్ అనే మహా పిచర్ పేర 1912లో వెలువడిన ‘పిచింగ్ ఇన్ ఎ పించ్’ అన్న గ్రంథం పేరే ఈ నీతిని సూచిస్తుంది. ఆపద్వేళకు బలాన్ని పొదుపు చేసుకోవటమే ఆ నీతి.

మరొక సంగతి. చరిత్ర బ్రతికిన చేతులనే కీర్తిస్తుంది. సై యంగ్ పేరు నేటికీ ఏటేటా ఉత్తమ పిచర్‌కు ఇచ్చే బహుమతిపై నిలిచి ఉన్నది. కాని జో వుడ్ కథ తెలిసినవారు ఎందరు? 1912లో 22 ఏండ్ల వయస్సులో 344 ఇన్నింగ్స్‌లు విసిరి 34 విజయాలు సాధించిన ఆ యువకుడు మరుసటి ఏడు బొటనవ్రేలు విరుగగొట్టుకున్నాడు. ఆ తరువాత భుజం బాధతో క్రమంగా విసరలేని స్థితికి చేరి, చివరకు బ్యాటర్‌గా మారి జీవనం సాగించాడు. షికాగో పిచర్ ఎడ్ వాల్ష్ 1907 నుండి 1912 వరకు ఆరేండ్లలో 2,200కు పైగా ఇన్నింగ్స్‌లు విసిరాడు. తరువాత ఆడిన అయిదేండ్లలో అన్నీ కలిపి 200 కూడా విసరలేకపోయాడు. ఆనాడు ఎక్స్‌రే కొత్తది, శస్త్రచికిత్స ఊహకందనిది. ‘చేయి చచ్చింది’ అన్న ఒక్క మాటే రోగనిర్ణయం, అదే ఉద్యోగానికి ముగింపు.

మధ్యయుగం: బాధను దాచుకున్న వీరులు

1920లో బేబ్ రూత్ 54 హోమ్ రన్లు కొట్టటంతో ఆట స్వరూపం మారినది. ఇక ఏ బ్యాటరయినా ఒక్క దెబ్బతో ఆటను మార్చవచ్చు. పిచర్‌కు నిదానంగా విసిరే అవకాశం తగ్గుతూ వచ్చినది. అయినా ఆరంభించినవాడే ముగించాలన్న పాత మర్యాద మాత్రం చెక్కుచెదరలేదు. 1963 జూలై 2న సాన్‌ఫ్రాన్సిస్కోలో హువాన్ మారిచాల్, వారెన్ స్పాన్ అనే ఇరువురు పిచర్లు 16 ఇన్నింగ్స్‌ల పాటు ఎదురెదురుగా విసిరారు. మారిచాల్ 227 బంతులు, 42 ఏండ్ల స్పాన్ 201 బంతులు విసిరారు. విల్లీ మేస్ కొట్టిన ఒక్క హోమ్ రన్‌తో ఆట ముగిసినది. నేడు 110 బంతులు దాటితే శిక్షకుణ్ణి పత్రికలు ప్రశ్నిస్తాయి.

ఈ యుగపు శిఖరం శాండీ కూఫాక్స్. 1965లో 335 ఇన్నింగ్స్‌లు, 382 స్ట్రైకవుట్లు. మరుసటి ఏడు 323 ఇన్నింగ్స్‌లు, 27 విజయాలు. రెండేండ్లలోను ఏటా 27 సంపూర్ణ ఆటలు. ఈ అంకెల వెనుక దాగి ఉన్నది కీళ్ళవాతంతో వాచిన ఎడమ మోచేయి. ఆటకు ముందు మందులు, ఇంజెక్షన్లు, ఆట తరువాత మంచునీటిలో ముంచిన చేయి. 1966 నవంబరులో, 30 ఏండ్ల వయస్సులో, అత్యున్నత స్థాయిలో ఉండగానే అతడు ఆట విరమించాడు. ఆట ముగిసిన తరువాత తనకు ఇంకా ఎన్నో ఏండ్ల జీవితం ఉన్నదని, దానిని సవ్యమైన శరీరంతో గడపదలచానని అతడు చెప్పిన కారణం. ఆనాడు ఎందరినో ఆశ్చర్యపరచిన ఈ నిర్ణయం నేటి దృష్టిలో వివేకానికి నిదర్శనం.

బాధను దాచటానికి వీరత్వమొకటే కారణం కాదు. 1975 చివరి వరకు ఆటగాడు ఒకే జట్టుకు కట్టుబడి ఉండాలన్న నిబంధన అమలులో ఉండేది. మరొక జట్టుతో బేరమాడే హక్కు అతనికి లేదు. చేయి నొప్పి అని చెప్పినవాని స్థానంలోకి రావటానికి క్రింది జట్లలో ఎందరో ఎదురుచూస్తుండేవారు. కనుక నోరు మూసుకుని విసరటమే బ్రతుకుతెరువు. చేయి ఆటగాడిది, దానిపై అధికారం మాత్రం యజమానిది. శ్రమ భారాన్ని గురించి మాట్లాడేటప్పుడు ఈ అధికార సంబంధాన్ని మరచిపోరాదు.

1974: రెండు సంఘటనలు

1974 వేసవిలో నెల రోజులకు కొద్దిగా మించిన వ్యవధిలో జరిగిన రెండు సంఘటనలు ఈ కథకు మలుపు. జూన్ 14న కాలిఫోర్నియా జట్టు పిచర్ నోలన్ ర్యాన్ బోస్టన్ జట్టుపై 13 ఇన్నింగ్స్‌లలో 235 బంతులు విసిరాడు. అతని చేయి చెక్కుచెదరలేదు. ఆ పిమ్మట మరి పందొమ్మిది ఏండ్లు ఆడి, మొత్తం 5,714 స్ట్రైకవుట్లతో రికార్డు స్థాపించాడు. చివరకు 1993 సెప్టెంబరులో, 46వ ఏట, మోచేతి సంధిబంధనం తెగటంతోనే అతని ఆట ముగిసినది.

జూలై 17న లాస్ ఏంజెలెస్ జట్టు పిచర్ టామీ జాన్‌కు 31 ఏండ్ల వయస్సులోనే ఎడమ మోచేతిలో అదే పట్టీ తెగినది. అంతవరకు ఆ గాయానికి వైద్యం లేదు. డాక్టర్ ఫ్రాంక్ జోబ్ సెప్టెంబరు 25న అతని కుడి ముంజేతి నుండి ఒక స్నాయుబంధనాన్ని తీసి, ఎడమ మోచేతి ఎముకలకు రంధ్రాలు చేసి, దానిని నారత్రాడు వలె బిగించారు. తిరిగి ఆడగల అవకాశం నూటికి ఒక వంతు అని ఆయన అంచనా. 1975 అంతా విశ్రాంతితో, అభ్యాసంతో గడిపి టామీ జాన్ 1976లో తిరిగి వచ్చాడు. 1989 వరకు ఆడాడు. అతని 288 విజయాలలో 164 ఈ చికిత్స తరువాత వచ్చినవే. ఆ శస్త్రచికిత్స నేటికీ రోగి పేరుతోనే పిలువబడుతున్నది.

ర్యాన్‌ను చూసి నేర్చుకోవాలా, టామీ జాన్‌ను చూసి నేర్చుకోవాలా? అసాధారణుడి బలాన్ని నియమంగా పెట్టుకుని సాధారణులను నడిపించటం ప్రమాదకరం. దీనికి ఓక్‌లాండ్ జట్టు ఉదాహరణ. 1980లో బిల్లీ మార్టిన్ శిక్షణలో ఆ జట్టు యువ పిచర్లు ఒక్క ఏడులో 94 సంపూర్ణ ఆటలు ముగించారు. రిక్ లాంగ్‌ఫర్డ్ ఒక్కడే 28, మైక్ నోరిస్ 24, మాట్ కీయో 20. దేశమంతా మెచ్చుకున్నది. మూడు నాలుగేండ్లు తిరిగేసరికి ఆ ముగ్గురూ చేతి బాధలతో పూర్వపు స్థాయిని కోల్పోయారు. అంతకు ముందు 1976లో 21 ఏండ్ల మార్క్ ఫిడ్రిచ్ 24 సంపూర్ణ ఆటలతో జనం గుండెల్లో నిలిచాడు. మరుసటి ఏడు నుండి అతని భుజం సహకరించలేదు. భుజంలో కండరబంధం చినిగినదని తెలిసినది 1985లో మాత్రమే.

ఆధునిక యుగం: తక్కువ బంతులు, ఎక్కువ గాయాలు

ఈ అనుభవాల ఫలితంగా శ్రమ విభజన వచ్చినది. ఒకడు ఆరంభిస్తాడు, అయిదారు ఇన్నింగ్స్‌ల తరువాత మరొకడు, ఆఖరి ఇన్నింగ్స్‌కు వేరొకడు. ఆరంభించే పిచర్లు అయిదుగురు వంతులవారీగా వస్తారు. ఒకరికి వంద బంతులు హద్దు అన్న మాట వాడుకలోకి వచ్చినది. 2012లో వాషింగ్టన్ జట్టు తన యువ పిచర్ స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్‌ను, మోచేతి శస్త్రచికిత్స నుండి కోలుకున్నవాడన్న కారణంతో, 159 ఇన్నింగ్స్‌ల వద్ద నిలిపివేసి, కీలకమైన చివరి పోటీలలో ఆడనివ్వలేదు. ఒకనాడు ఒక్క ఓక్‌లాండ్ జట్టు 94 సంపూర్ణ ఆటలు ముగించగా, 2024లో 30 జట్లు కలిపి ముగించినవి 30కి లోపే.

భారం ఇంత తగ్గినపుడు గాయాలు తగ్గాలి కదా? జరిగినది దానికి విరుద్ధం. మేజర్ లీగ్ బేస్‌బాల్ సంస్థ 2024 డిసెంబరులో ప్రకటించిన నివేదిక ప్రకారం, గాయపడిన ఆటగాళ్ళ జాబితాలో పిచర్ల నమోదులు 2005లో 212 ఉండగా 2024లో 485కు చేరాయి. పెద్ద లీగులు, చిన్న లీగులు కలిపి టామీ జాన్ శస్త్రచికిత్సలు 2010లో 104 కాగా 2024లో 281.

కారణాన్ని కూడా ఆ నివేదికే సూచిస్తున్నది. వేగమే ఆ కారణం. పిచర్లు విసిరే సూటి వేగపు బంతి సగటు వేగం 2008లో గంటకు 91.3 మైళ్ళు, 2024లో 94.2 మైళ్ళు. సగటులో మూడు మైళ్ళ పెరుగుదల చిన్న విషయం కాదు. ఇక ఇంకెవరో వచ్చి ముగిస్తారన్న భరోసా ఉన్నందున నేటి పిచర్‌కు బలాన్ని పొదుపు చేసే అవసరం లేదు. మొదటి బంతి నుండే సర్వశక్తులు ఒడ్డుతాడు. ప్రతి బంతి వేగాన్ని, తిరుగుడును యంత్రాలు కొలుస్తాయి. ఆ అంకెలను బట్టే అవకాశం, జీతం. పూర్వం వంద బంతులలో కొన్ని మాత్రమే సంధిబంధనాన్ని దాని హద్దు వరకు లాగేవి. నేడు దాదాపు ప్రతి బంతీ లాగుతున్నది. భారమంటే కేవలం సంఖ్య కాదని, సంఖ్య, తీవ్రత, విశ్రాంతి మూడూ కలిసినదే భారమని ఈ చరిత్ర తేల్చి చెబుతున్నది. ఒకదానిని తగ్గించి మరొకదానిని పెంచితే చేయి మోసపోదు.

బాల్యంలో పడే బీజం

అన్నింటికన్న ఆలోచించవలసినది పిల్లల విషయం. ఎదిగే వయస్సులో ఎముకల చివర గట్టిపడని భాగాలు ఉంటాయి. అక్కడ పడిన దెబ్బ జీవితాంతం వెంటాడవచ్చు. శస్త్రచికిత్స అవసరమైన యువ పిచర్లను, ఆరోగ్యంగా ఉన్న యువ పిచర్లను పోల్చి అమెరికాలో ఒక అధ్యయనం జరిగినది. 2006లో ప్రచురితమైన దాని ఫలితాల ప్రకారం, ఏడాదికి ఎనిమిది నెలలకు మించి పోటీలలో విసిరినవారిలో శస్త్రచికిత్స ప్రమాదం అయిదు రెట్లు. చేయి అలసిన తరువాత కూడా తరచు విసిరినవారిలో 36 రెట్లు. ఈ రెండవ అంకెను ప్రతి వ్యాయామ ఉపాధ్యాయుడు గుర్తుంచుకోవాలి. బంతుల సంఖ్యకన్న, నెలలకన్న, అలసటను లక్ష్యపెట్టకపోవటమే పెద్ద అపరాధమని అది చెబుతున్నది.

అమెరికాలోని బాలుర సంస్థ లిటిల్ లీగ్ 2007 నుండి వయస్సును బట్టి బంతులకు హద్దు పెట్టినది. నేడు 9, 10 ఏండ్లవారికి రోజుకు 75, 11, 12 ఏండ్లవారికి 85 బంతులు మించరాదు. విసిరిన సంఖ్యను బట్టి విశ్రాంతి దినాలు కూడా తప్పనిసరి.

జపాన్‌లో ఈ మార్పు ఆలస్యంగా వచ్చినది. అక్కడి హైస్కూలు పోటీలు జరిగే కోషియెన్ మైదానం ఆ దేశ బాలురకు పుణ్యక్షేత్రం వంటిది. 1998 ఆగస్టులో దైసుకే మత్సుజాకా అనే విద్యార్థి ఒక దినం 148 బంతులు విసిరి, మరునాడు 17 ఇన్నింగ్స్‌లలో 250 బంతులు విసిరాడు. ఆ పోటీ ఫైనల్‌లో ప్రత్యర్థులకు ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా గెలిచి జాతీయ వీరుడయ్యాడు. 2011లో అతనికి మోచేతి శస్త్రచికిత్స జరిగినది. 2013 వసంతకాలపు పోటీలలో తొమోహిరో అన్రాకు అనే పదహారేండ్ల బాలుడు అయిదు ఆటలలో 772 బంతులు విసరటంతో దేశ విదేశాలలో చర్చ చెలరేగినది. త్యాగం గొప్పదే, కాని పిల్లవాని చేతిని పెద్దలు త్యాగం చేయవచ్చునా అన్నది ఆ చర్చ సారాంశం. ఎట్టకేలకు 2020 నుండి వారానికి 500 బంతులకు మించరాదన్న నియమం అక్కడ అమలులోకి వచ్చినది.

మనం గ్రహించవలసినది

మన కళాశాల మైదానాలలో బేస్‌బాల్ ఆడేవారు తక్కువ. కాని ఫాస్ట్ బౌలర్లున్నారు, ఈటె విసిరేవారున్నారు. ఫాస్ట్ బౌలర్ల విషయంలో గాయపడేది ఎక్కువగా నడుము ఎముక. స్థానం వేరు, సూత్రం ఒకటే. అంతర కళాశాల పోటీలు దగ్గరపడగానే ఉన్న ఒక్క మంచి బౌలర్‌తో ఉదయం, సాయంత్రం బౌలింగ్ చేయించటం మనకు కొత్త కాదు. పైన చెప్పిన చరిత్ర నుండి మూడు సూత్రాలు గ్రహించవచ్చు.

ఒకటి, లెక్క రాయాలి. పోటీలో వేసిన బంతులనే కాక అభ్యాసంలో వేసినవాటిని కూడా ఒక పుస్తకంలో నమోదు చేయాలి. దేహానికి పోటీ, అభ్యాసం అన్న భేదం తెలియదు. దీనికి కావలసినది ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిలు, ఒక బాధ్యత గల విద్యార్థి.

రెండు, తీవ్రతను గమనించాలి. ప్రతిదినమూ పూర్తి వేగంతో శ్రమించటం శ్రద్ధకు గుర్తు కాదు. నిదానంగా చేసే దినాలు, అసలే చేయని దినాలు కూడా శిక్షణలో భాగమే. అకస్మాత్తుగా భారాన్ని పెంచటం అన్నింటికన్న హానికరం.

మూడు, నొప్పి ఉన్నదని చెప్పిన విద్యార్థిని పిరికివాడని భావించరాదు. చెప్పటం వలన జట్టులో స్థానం పోతుందన్న భయం ఉన్నంతకాలం ఎవ్వరూ చెప్పరు. ఆ భయాన్ని తొలగించటం విద్యార్థి చేతిలో లేదు, క్రీడాధ్యాపకుల చేతిలో, కళాశాల కార్యవర్గం చేతిలో ఉన్నది. కప్పు గెలిచిన సంవత్సరం ఫలకం మీద ఒక పంక్తి. విద్యార్థి చేయి అతని జీవితానికంతటికీ కావాలి. ఆ చేతితోనే అతడు రేపు రాయాలి, పని చేయాలి, తన బిడ్డను ఎత్తుకోవాలి.

పిచర్లు ఒక శతాబ్దానికి పైగా తమ చేతులను పణంగా పెట్టి నేర్పిన పాఠం ఇది. దానిని ఉచితంగా పొందే అవకాశం మనకు కలిగినది. వినియోగించుకోవటం మన విజ్ఞతకు సంబంధించిన విషయం.